గవర్నర్ ఇచ్చిన జడ్జి పదవికీ గడువుంటుంది

సంపాదకులకు,

అమెరికాలో మనవాళ్లెవరైనా జడ్జి అయితే మన పత్రికల్లో వార్త ప్రమాణ స్వీకారంతో మొదలై తరచూ అక్కడే ఆగిపోతుంది. 2024లో విజయవాడకు చెందిన జయ బాడిగను కాలిఫోర్నియా గవర్నర్ శాక్రమెంటో కౌంటీ (మన జిల్లా లాంటిది) సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించారు. అన్ని రకాల కేసులూ మొదట విచారణకు వచ్చే కోర్టు అది. ఏళ్లపాటు కుటుంబ కేసులు వాదించి, 2022 నుంచి అదే కోర్టులో కమిషనర్‌గా, అంటే కొన్ని రకాల కేసులు విచారించే కోర్టు అధికారిగా చేశాక వచ్చిన పదవి అది. ఇలాంటి వార్త చదివినప్పుడు, 1984 చట్టం కింద హైకోర్టు సమ్మతితో రాష్ట్ర ప్రభుత్వం నియమించే మన ఫ్యామిలీ కోర్టు జడ్జి లాంటిదే అదీ అనుకుంటాం. కాదు.

కాలిఫోర్నియా రాజ్యాంగం గవర్నర్ నియామకాన్ని తాత్కాలికమనే అంటుంది. ఖాళీ ఏర్పడ్డాక రెండో జనవరి 1 దాటి వచ్చే సాధారణ ఎన్నికల్లో ఆ సీటు ఓటర్ల ముందుకు రావాల్సిందే. గెలిస్తే ఆరేళ్లు, ఆ తర్వాత మళ్లీ ఎన్నిక. నియామకం ద్వారా వచ్చినా, నేరుగా పోటీ చేసినా లాయరుగా పదేళ్లు నిండి ఉండాలి. తేడా ఒక్కటే: నియామకానికి ముందు బార్ సంఘం కమిటీ అభ్యర్థి గురించి ఆరా తీసి యోగ్యతకు రేటింగ్ ఇస్తుంది. నేరుగా నామినేషన్ వేసేవారికి ఆ వడపోత లేదు. కొన్ని కౌంటీల్లో స్థానిక లాయర్ల సంఘాలు సొంతంగా రేటింగులు ఇస్తాయి. ఓటేసే ముందు వాటిని వెతికి చూడటం మంచిది.

బ్యాలెట్ మీద ‘ఫ్యామిలీ కోర్టు జడ్జి’ అనే మాట కనిపించదు. ‘సుపీరియర్ కోర్టు జడ్జి’ అని, పక్కన సీటు నంబరు ఉంటుంది. గెలిచినవారిని కుటుంబ కేసులకు వేయాలా, క్రిమినల్ కేసులకు వేయాలా అన్నది కోర్టు ప్రిసైడింగ్ జడ్జి చేతిలో పని. పార్టీ గుర్తులుండవు. నామినేషన్ రుసుము ఏడాది జీతంలో 1 శాతం. పోటీ లేని సిటింగ్ జడ్జి పేరు మామూలుగా బ్యాలెట్ మీదకే రాదు. చాలామంది ఓటర్లకు తమ జడ్జి ఎన్నికైన మనిషన్న సంగతే తెలియకపోవడానికి ఇదొక కారణం. పోటీ ఉంటే ప్రైమరీలోనే, అంటే నవంబరు ఎన్నికకు ముందు జరిగే తొలి విడత పోలింగులోనే, సగానికి మించి ఓట్లు తెచ్చుకున్నవారు గెలిచినట్టే. లేకపోతే మొదటి ఇద్దరూ నవంబరులో మళ్లీ తలపడతారు. కాబట్టి ప్రైమరీకి వెళ్లకుండా నవంబరులో చూసుకుందాంలే అనుకుంటే, అప్పటికి చూసుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ప్రచారం మరీ చిత్రం. ‘పిల్లల్ని తల్లికే ఇప్పిస్తా’, ‘భరణాలు తగ్గిస్తా’ అని హామీ ఇవ్వడం జడ్జిల నియమావళికి విరుద్ధం. ఓటర్లకు పంపే కరపత్రంలో తన చదువు, అనుభవం గురించే రాసుకోవాలి, ఎదుటి అభ్యర్థి ఊసెత్తకూడదు. మరి ఓటరు దేన్ని చూసి ఓటేస్తాడు? పేరు కింద రెండు మూడు మాటల్లో ఉండే వృత్తి వివరాన్ని చూసి. ఇంత పెద్ద అధికారాన్ని అంత చిన్న వాక్యం మీద వదిలేయడం నాకు సబబుగా తోచదు.

విరాళాల దగ్గర మన సంఘాలు జాగ్రత్తపడాలి. కేసులో కక్షిదారు గానీ లాయరు గానీ ఇచ్చిన విరాళం 1,500 డాలర్లు దాటితే ఆ జడ్జి సాధారణంగా ఆ కేసు నుంచి తప్పుకోవాలి. 100 డాలర్లు, ఆపైన ఇచ్చినా కేసులో ఆ సంగతి వెల్లడించాలి. హెచ్‌1బీ మీద ఉన్నవారు జడ్జి ఎన్నికకైనా, స్కూల్ బోర్డు ఎన్నికకైనా పైసా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వొచ్చు గానీ ఓటు వేయకూడదు. పౌరసత్వం రాకముందే ఓటేస్తే దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. టెక్సాస్‌లో కుటుంబ కేసుల జిల్లా జడ్జిలు పార్టీ టికెట్ మీదే గెలవాలి, పదవి నాలుగేళ్లు. నెవాడాలో పార్టీ లేకుండా ఆరేళ్లు. న్యూయార్క్ నగరంలో ఫ్యామిలీ కోర్టు జడ్జిని మేయర్ నియమిస్తారు, నగరం దాటితే కౌంటీ ఓటర్లు ఎన్నుకుంటారు. రెండు చోట్లా పదవి పదేళ్లు. పైగా అక్కడి ఫ్యామిలీ కోర్టు విడాకులే ఇవ్వదు. అది సుప్రీంకోర్టు పని, పేరుకు సుప్రీం అయినా అది కింది కోర్టే. మన వార్తల్లో ఈ రెండు కోర్టులూ కలగాపులగం అవుతుంటాయి.

ఇకపై ఇలాంటి నియామకం గురించి రాసేటప్పుడు ఆ సీటు తొలిసారి ఎప్పుడు ఎన్నికకు వస్తుందో, అది పార్టీ ఎన్నికో కాదో ఒక్క వాక్యం చేర్చమని మనవి.

– కుటుంబ కేసులు చూసే ఒక న్యాయవాది, కాలిఫోర్నియా