ఫిర్యాదు మూసేసే ముందు నన్నొక మాట అడగరా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మా వ్యాన్‌కు సరిపోని పాత స్టీరింగ్ రాక్ పంపి, అడిగితే జవాబివ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను నల్లగొండ చుట్టుపక్కల తోటల్లో బత్తాయి కొని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తోలే చిన్న వ్యాపారిని. మా మారుతి ఈకో వ్యాన్ స్టీరింగ్‌లో ప్లే బాగా పెరిగింది, అంటే స్టీరింగ్ తిప్పినా చక్రాలు వెంటనే తిరగవు. అలాంటి బండితో విజయవాడ హైవే ఎక్కలేక మీ దగ్గర రూ. 6,500 కట్టి, స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే ఈ పాత రాక్ తెప్పించాను. కొనే ముందే ఛాసిస్ నంబరు, మా రాక్ ఫోటోలు పంపాను. "పక్కా సెట్ అయితది సార్, మాది గ్యారంటీ" అని మీ మనిషి పెట్టిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

రాక్ వచ్చింది. మా మెకానిక్ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "అన్నా, ఇది మన బండిది కాదే" అన్నాడు. రాక్‌ను స్టీరింగ్ రాడ్డుకు కలిపే పినియన్ పళ్లు కప్లింగ్‌లో కూర్చోవు, బోల్టులు బిగించే చోట్లు కలవవు. పాత సామాన్ల వ్యాపారంలో ఒక బండిది ఇంకో బండికి పోవడం జరుగుతుంది, అది నాకు తెలుసు. ఆ రోజే మీరు "సరే, మార్చి పంపుతాం" అని ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

మొదట మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. 24 గంటల్లో ఫోన్ వస్తుందన్నది. రాలేదు. మళ్లీ నేనే చేస్తే ఇంకొకరు ఎత్తి పేరు, ఆర్డర్ నంబరు, ఫోటోలు అన్నీ మొదటి నుంచి అడిగారు. ఇచ్చాను. ఆ తర్వాత హిందీ తప్ప రాని ఒకాయన టెక్నికల్ టీంకు కలుపుతానని పాట పెట్టి పోయాడు. ఆ పాట మధ్యలోనే లైను కట్టయింది. మరొకాయనైతే "మీ మెకానిక్‌కు ఫిట్ చేయడం రాదేమో సార్" అన్నాడు. మా మెకానిక్ ఓమ్ని వ్యాన్లు రోడ్ల నిండా తిరిగిన రోజుల నుంచి మారుతి వ్యాన్లే విప్పి బిగిస్తున్నాడు. ఆ రాక్‌ను కళ్లతో చూడని మనిషి ఆయన పనికి వంక పెట్టడం నాకు చాలా బాధనిపించింది.

ఫోన్లతో కాదని, రాక్‌ను గోనెసంచిలో చుట్టి ఆర్టీసీ బస్సెక్కాను. గ్రీజు అంటుతుందని కండక్టర్ కసిరితే బస్సు దిగేదాకా దాన్ని కాళ్ల మధ్యే పెట్టుకున్నాను. ఎల్బీ నగర్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని మీ గోడౌన్ దాకా వచ్చాను. గేటు దగ్గరే ఆపారు. "రిటర్న్ ఇక్కడ తీసుకోరు, ఆన్‌లైన్‌లో పెట్టుకోండి" అని వాచ్‌మన్‌తో చెప్పించారు. లోపల మనుషులు తిరుగుతూ కనిపిస్తూనే ఉన్నారు. ఒక్కరు బయటికొచ్చి సంచి విప్పి చూస్తే మీ సొమ్మేం పోయేది?

తిరుగు బస్సులో ఉండగానే మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారు? ఎవర్ని అడిగి మూసేశారు? మళ్లీ ఫోన్ చేస్తే రిటర్న్ గడువు దాటిపోయిందట. మీరు ఫోన్ చేస్తారని నేను ఎదురుచూసిన రోజులను నా గడువులోంచే తీసేస్తారా? ఇది ఏ ఊరి న్యాయం?

మీ దగ్గర నాకిది మొదటి బేరం కాదు. రేడియేటర్, సెల్ఫ్ మోటార్ మీ దగ్గరే కొన్నాను, బాగానే నడిచాయి. ఆ నమ్మకంతోనే మా అడ్డా మీద డ్రైవర్లకు మీ నంబరు ఇచ్చాను, వాళ్లూ కొన్నారు. ఇప్పుడు వాళ్లే "ఏమైందన్నా నీ రాక్?" అని అడుగుతుంటే చెప్పుకోలేకపోతున్నాను. బండి షెడ్డులో ఉంది. కాయ కోతకొచ్చిన తోటలవాళ్లు వేరే బేరగాళ్లను చూసుకుంటున్నారు. కిరాయి బండి పెడితే నాకు మిగిలేదేమీ లేదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, నంబరు వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా ఉంది. మీ సైట్‌లో ఎంత వెతికినా ఆ పేరు దొరకలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, నల్లగొండ వినియోగదారుల కమిషన్‌లో కాగితం పెట్టడానికి నాకు ఒక పూట చాలు. మీ మెసేజ్‌లన్నీ దాచి పెట్టాను. మా అడ్డా డ్రైవర్లు కూడా వచ్చి సాక్ష్యం చెబుతామంటున్నారు.

మా బండికి సరిపోయే రాక్ పంపండి, లేదంటే డబ్బు, నా రానుపోను ఖర్చులు తిరిగివ్వండి. ఏది చేసినా, ఈ ఉత్తరం మొత్తం చదివిన మనిషే నాకు ఫోన్ చేయాలి. మళ్లీ ఆర్డర్ నంబరు అడిగేవాళ్లతో నేను మాట్లాడను. వారంలోపు ఫోన్ రాకపోతే ఇక మనం కమిషన్‌లోనే కలుద్దాం.

ఇట్లు,
ఈకో వ్యాన్ యజమాని,
నల్లగొండ