టి కణాలు కొవ్వులనూ పట్టుకుంటాయి

సంపాదకులకు నమస్కారం.

రోగనిరోధక శక్తి గురించి మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి కణాల గురించి ‘టి కణాలు ప్రొటీన్ ముక్కలను మాత్రమే గుర్తిస్తాయి’ అని రాశారు. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పే నాకు ఏటా జవాబు పత్రాల్లో ఇదే వాక్యం ఎదురవుతుంది. ఇప్పుడు పేపర్లో కూడా వస్తే ఇక వాళ్లకు నేనేం చెప్పినా ఎక్కదు.

క్షయ బ్యాక్టీరియా గోడలో ఉండే మైకోలిక్ ఆమ్లాన్ని మనిషి టి కణాలు గుర్తిస్తాయని 1994లోనే తేలింది. అది ప్రొటీన్ కాదు, పొడవాటి లిపిడ్, అంటే కొవ్వు జాతి అణువు. దాన్ని టి కణానికి చూపించేది ప్రొటీన్ ముక్కలను చూపించే మామూలు ఎంహెచ్‌సీ అణువు కాదు, సీడీ1 కుటుంబంలోని సీడీ1బి అనే వేరే అణువు. దానిలోని లోతైన గాడి గోడలకు నీరంటే గిట్టదు. లిపిడ్ తోక అందులోకి దిగిపోతుంది, తల పైకి తేలి ఉంటుంది. టి కణం తన గ్రాహకంతో ఆ తలనూ, చుట్టూ ఉన్న సీడీ1బి అంచునూ కలిపి తడిమి చూస్తుంది.

మరి ఇన్నేళ్లయినా ఇది పాఠాల్లో ఓ మూలనే ఎందుకుంది? ప్రయోగాలు ఎక్కువగా చేసేది చిట్టెలుకల మీద. వాటికి సీడీ1బి లేదు, అదే కుటుంబంలోని సీడీ1డి ఒక్కటే ఉంది. గినీ పిగ్‌లకు సీడీ1బి ఉంది కానీ వాటిని పెట్టుకుని పనిచేసే ల్యాబులు తక్కువ. ల్యాబ్ ఎలుకలో కనిపించనిదాన్ని పట్టించుకోకపోవడం మా రంగానికి పాత జబ్బే లెండి.

ఎంహెచ్‌సీ మనిషికీ మనిషికీ మారుతుంది. సీడీ1 దాదాపు అందరిలో ఒకటే, కాబట్టి ఒకే లిపిడ్‌ను అందరి టి కణాలకూ చూపించే వీలుంటుంది. పైగా మైకోలిక్ ఆమ్లం లేకపోతే క్షయ క్రిమికి బతుకే లేదు. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మందు దెబ్బకొట్టేది దాని తయారీనే. అందుకే టీకా పరిశోధకుల కన్ను ఈ లిపిడ్ల మీద పడింది. అలాంటి టీకా మాత్రం ఇంకా వాడకంలోకి రాలేదు కాబట్టి, ‘క్షయకు కొత్త టీకా వచ్చేసింది’ అని శీర్షిక పెట్టకండి.

వచ్చే వారం ఆ వాక్యానికి చిన్న సవరణ వేస్తే చాలు. తినే కొవ్వుకూ దీనికీ ముడిపెట్టి డైట్ చిట్కాలు మాత్రం జోడించవద్దని మనవి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు