చిక్కుముడి బహుమతి సామాన్యుడికీ అందాలి

సంపాదక మహాశయులకు,

బిట్‌కాయిన్ అనే డిజిటల్ సొమ్ములో 2015లో అజ్ఞాతంగా ఎవరో పెట్టిన పజిల్‌ను నేటికీ ప్రపంచమంతటా పరిష్కరిస్తూనే ఉన్నారు. ఇందులో ఒక్కో మెట్టుకూ కొంత సొమ్ము ఉంటుంది; దానికి తాళంచెవి లాంటి రహస్య సంఖ్యను కనిపెట్టినవారికే అది దక్కుతుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెతకవలసిన సంఖ్యల పరిధి రెట్టింపవుతుంది కనుక, పై మెట్లలో గెలుపు తెలివిని బట్టి కాక, గ్రాఫిక్స్ కార్డులకూ కరెంటు బిల్లులకూ ఎవరెంత ఖర్చు పెట్టగలరన్న దాన్ని బట్టి తేలుతోంది. గాజువాకలోనో మధురవాడలోనో పాత ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడే గణిత విద్యార్థికి ఇది న్యాయమైన పోటీ కాదు.

అంతకన్నా బాధాకరమైనది మరొకటి ఉంది. జవాబు దొరికినవారు సొమ్మును తమ ఖాతాకు మళ్లించబోగానే, ఆ రహస్య సంఖ్య నుంచి లెక్కగట్టే ‘పబ్లిక్ కీ’ అనే మరో సంఖ్య అందరికీ బయటపడుతుంది. చిన్న పరిధిలోని రహస్య సంఖ్యను దాని నుంచి కొద్దిసేపట్లోనే రాబట్టి, తమ లావాదేవీయే ముందు నమోదయ్యేలా ఎక్కువ రుసుము చెల్లించి ఆ సొమ్మును దారిలోనే తన్నుకుపోయే ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి.

ఇకపై ఇలాంటి బహుమతులు పెట్టేవారు తర్కానికి పరీక్ష పెట్టే ప్రశ్నలు ఇవ్వాలని, జవాబును ఇతరులు చదవలేకుండా ముద్రవేసిన రూపంలో ముందుగా నమోదు చేసుకునే ఏర్పాటు ఉంచాలని, ఒకే పెద్ద మొత్తానికి బదులు అనేక చిన్న బహుమతులు కేటాయించాలని నా విన్నపం. ప్రశ్నలు తెలుగులోనూ ఉండాలి. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో లాభాలపై మన దేశంలో 2022 నుంచి 30 శాతం పన్ను ఉన్న సంగతిని కూడా ముందే చెప్పాలి. ప్రవేశ రుసుము అడిగే పోటీలకు మాత్రం మన పిల్లలు దూరంగా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం