విషయం: మా బిల్లులు ఎవరైనా తెరిచి చూస్తున్నా మీరు పట్టించుకోకపోవడం గురించి

మేనేజర్ గారికి,

గుంటూరులో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తూ మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పార్టీలకు వాట్సాప్‌లో వెళ్ళే బిల్లు లింకులో ఆఖరి అంకె మారిస్తే వేరేవాళ్ళ బిల్లు తెరుచుకుంటోంది. పేరు, ఫోన్ నంబరు, ఏ మందుకు ఎంత డిస్కౌంట్ ఇచ్చామో అన్నీ కనబడుతున్నాయి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. మా దగ్గర సరుకు తీసుకునే ఒకాయన కౌంటర్ మీద ఫోన్ పెట్టి, "పక్క వీధి షాపుకు నాకంటే ఎక్కువ తగ్గిస్తున్నారే" అని నిలదీస్తేగానీ నాకీ సంగతి తెలియలేదు.

తప్పు దొర్లడం ఒక ఎత్తు, ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తీరు ఒక ఎత్తు. మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి పాస్‌వర్డ్ మార్చుకోమంది. ఆ లింకుకు పాస్‌వర్డే లేదమ్మా అంటే, బ్రౌజర్‌లో కాష్ క్లియర్ చేయమని చెప్పి పెట్టేసింది. తర్వాత మాట్లాడినతను టెక్నికల్ టీమ్‌కు పంపామన్నాడు. సాయంత్రానికి టికెట్ క్లోజ్ అయింది, రేటింగ్ ఇవ్వండి అని మెసేజ్! లింకు నొక్కితే ఎవరిదో బిల్లు అలాగే వస్తోంది. మళ్ళీ ఫోన్ చేస్తే కొత్త మనిషి, మొదటి నుంచి మళ్ళీ అదే కథ చెప్పుకోవాలి. చివరికి మీ సీనియర్ ఒకాయన, నంబర్లు మార్చి చూడటం నిబంధనలకు విరుద్ధమనీ, అకౌంట్ ఆపేస్తామనీ నన్నే బెదిరించాడు. చెప్పినందుకు నేను దొంగనా?

నంబర్లు వరుసగా ఉన్నాయి కాబట్టి చిన్న ప్రోగ్రాం రాస్తే అన్నీ దించుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. 2019లో అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర దాదాపు 88.5 కోట్ల పత్రాలు ఇలాగే, లింకులో అంకె మారిస్తే కనబడేలా ఉండిపోయాయి. బిల్లు నంబరు, బాకీ తెలిసినవాడు మా పేరు చెప్పి పార్టీల చేత వేరే ఖాతాలో డబ్బు వేయించుకుంటే ఎవరు కడతారు?

గుంటూరులో మిమ్మల్ని ఎవరూ ఎరగని రోజుల్లో నేను చేరాను. తోటి వ్యాపారులను నచ్చజెప్పి చేర్పించాను. వాళ్ళ రేట్లు కూడా ఇప్పుడు బజారున పడ్డాయి. ఆ లింకులు వెంటనే ఆపి, మా బిల్లులు ఎవరెవరు తెరిచారో సర్వర్ లాగ్ చూసి రాతపూర్వకంగా ఇవ్వండి. డేటా బయటపడిందని తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు, అంటే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, తెలపాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశం ఇచ్చారు. మీరు తెలిపారా? సోమవారం లోపు బాధ్యత గల మనిషి ఎవరూ మాట్లాడకపోతే సెర్ట్-ఇన్‌కు నేనే రాస్తాను, నేను చేర్పించిన ప్రతి షాపునూ నేనే మాన్పిస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్