గైడింగ్ సిమ్యులేటర్‌లో డెక్ బ్యాక్‌లాష్ పనిచేయడం లేదు: ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: టెలిస్కోప్ గైడింగ్ సాధనకు మీరు అమ్మిన సిమ్యులేటర్‌లో డెక్ బ్యాక్‌లాష్ (ఉత్తర-దక్షిణ అక్షం గేర్లలోని వదులు) సెట్టింగ్ పనిచేయకపోవడం, సరిచేయాలని లేదా సొమ్ము వాపసు ఇవ్వాలని కోరడం.

అయ్యా,

మీ ప్రకటన తెలుగులో చూసి కొన్నాను కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. నేను పర్లాకిమిడిలో సైన్స్ టీచర్ని. సాయంత్రాలు కొందరు పిల్లలకు టెలిస్కోప్‌తో ఆకాశాన్ని ఫొటోలు తీయడం నేర్పుతుంటాను. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. మా వైపు జూన్‌లో మబ్బు పట్టిందంటే దసరా దాటితే గానీ ఆకాశం తేటపడదు. ఆపైన తుఫాన్లు. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాను ఎంత దెబ్బతీసిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అందుకే వానాకాలమంతా ఇంట్లోనే గైడింగ్ (ఫొటో తీస్తున్నంతసేపూ నక్షత్రం పక్కకు జరగకుండా టెలిస్కోప్‌ను సరిచేస్తూ ఉండడం) సాధన చేయించి, చలికాలం రాగానే పిల్లల్ని టెలిస్కోప్‌ను తిప్పే మౌంట్ దగ్గర నిలబెట్టాలనుకున్నాను. మీ సాఫ్ట్‌వేర్ కొన్నది దాని కోసమే.

ఆర్.ఏ. (తూర్పు-పడమరల కదలిక) వైపు మీ పని బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. కాబట్టి 180 పళ్ల గేరున్న మౌంట్‌లో వార్మ్ (ఆ గేరును తిప్పే మరచుట్ల కడ్డీ) సుమారు 479 సెకన్లకు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క ఇస్తే గ్రాఫ్ మీద పీరియాడిక్ ఎర్రర్ (వార్మ్ చుట్టు చుట్టుకూ వచ్చే తేడా) అల సరిగ్గా అదే వ్యవధికి మళ్లీ వస్తోంది. గాలి వల్ల నక్షత్రం వణకడం కూడా సహజంగానే ఉంది.

డెక్ దగ్గరే వచ్చింది సమస్య. గేరు పళ్ల మధ్య సందు ఉంటుంది. మోటారు ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగినప్పుడు ముందు ఆ సందు పూడాలి, ఆ తర్వాతే అక్షం కదులుతుంది. అంతవరకు పల్సులు (మోటారుకు పంపే చిన్న చిన్న ఆదేశాలు) వెళ్తున్నా నక్షత్రం ఉన్నచోటే ఉంటుంది. సందు పూడగానే ఒక్కసారిగా అవతలికి దూకుతుంది. మీ ప్రకటనలో దీన్ని ప్రత్యేకంగా రాశారు, తెర మీద స్లైడర్ కూడా పెట్టారు. కానీ ఆ స్లైడర్ ఏమీ చేయడం లేదు. బ్యాక్‌లాష్ సున్నా దగ్గర ఉంచి ఒకసారి, గరిష్ఠానికి పెంచి ఒకసారి కాలిబ్రేషన్ (పల్సుకు నక్షత్రం ఎటు, ఎంత కదులుతుందో కొలవడం) చేయించాను. రెండు రికార్డింగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. దక్షిణం వైపు మొదటి పల్సుకే నక్షత్రం వెనక్కి తిరుగుతోంది. మా విద్యార్థిని ఒకమ్మాయి "సార్, మరి ఆ స్లైడర్ ఎందుకు పెట్టారు?" అని అడిగింది. దానికి జవాబు చెప్పాల్సింది మీరే.

ఇది చిన్న లోపం కాదు. దీని మీద నేర్చుకున్న పిల్లవాడు అసలు మౌంట్ దగ్గర నక్షత్రం కదలకపోతే ఏం చేస్తాడు? అగ్రెసివ్‌నెస్ (దిద్దుబాటు మోతాదు) పెంచుతాడు. దాంతో ఊగిసలాట ఇంకా ఎక్కువై ఫొటోలో చుక్కలు గీతలవుతాయి. నిజానికి అప్పుడు చూడాల్సింది డ్రిఫ్ట్ (నక్షత్రం మెల్లగా జరిగిపోవడం) ఏ దిక్కుకు పోతోందన్నది. అది చూసుకుని డెక్‌ను ఒక్క దిక్కుకే గైడ్ చేయవచ్చు. నేను నేర్పాలనుకున్నది అదే, మీ సిమ్యులేటర్ నేర్పనివ్వనిదీ అదే. పైగా మాకు ధ్రువ నక్షత్రం 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెట్లో, ఇళ్లో, మసక గాలో ఏదో ఒకటి అడ్డం వస్తుంది. చాలాసార్లు డ్రిఫ్ట్ పద్ధతిలోనే పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిపెట్టడం) చేసుకోవాలి. ఆ పద్ధతిలో చూసేదంతా డెక్ కదలికనే.

ఉచితంగా దొరికే గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2లోనూ సిమ్యులేటర్ ఉంది, అందులో డెక్ బ్యాక్‌లాష్ పనిచేస్తోంది. అయినా డబ్బు పెట్టి మీది కొన్నది, మౌంట్ కదలిక తెర మీద బొమ్మగా కనిపిస్తే పిల్లలకు త్వరగా అర్థమవుతుందని.

మీ సపోర్ట్ విభాగానికి ఇదంతా రాస్తే, మౌంట్ కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టమన్నారు. సిమ్యులేటర్‌కు మౌంటే ఉండదు, కేబుల్ ఎక్కడిది? ఆ సంగతి తిరిగి రాసినా జవాబు లేదు, సమస్య పరిష్కారమైందంటూ ఫిర్యాదు మూసేశారు. నేను రాసింది ఒక్కరైనా చదివి ఉంటే ఇలా జరిగేది కాదు. నాకు బాధ కలిగించింది ఇదే.

ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో లైసెన్స్ సరిచూస్తోంది. గాలివాన వస్తే మాకు ముందు పోయేది నెట్టే. సిమ్యులేటర్ అవసరమయ్యేదీ ఆ రోజుల్లోనే. నెట్ లేకుండా తెరుచుకునే ఏర్పాటు చేయండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో బ్యాక్‌లాష్‌ను సరిచేసిన వెర్షన్ పంపండి, లేదా పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి. సరిచేసే వరకు ప్రకటనలోంచి ఆ మాట తీసేయండి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేసుకోవచ్చు కాబట్టి, అవసరమైతే జిల్లా కమిషన్‌కూ వెళ్తాను. నాకు కావలసింది మాత్రం పనిచేసే సిమ్యులేటర్. మీ ప్రోగ్రామర్‌కు సందేహముంటే నాకు ఫోన్ చేయమనండి, ఏ సెట్టింగుల దగ్గర ఏం జరుగుతోందో దగ్గరుండి చూపిస్తాను.

బిల్లు నకలు, రెండు కాలిబ్రేషన్ల రికార్డింగులు, మీ సపోర్ట్ విభాగం పంపిన జవాబు జతచేశాను.

ఇట్లు,
భవదీయుడు,
సైన్స్ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి