ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సరే, ఆ మాట వార్డెన్ చెవిన ఎలా పడింది?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరా సెలవులకు ముందు పిల్లకి బెంగ పట్టుకుంది. అన్నం సయించడం లేదని, నిద్ర పట్టడం లేదని ఫోన్లో ఒకటే ఏడుపు. కాలేజీవాళ్లు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇప్పిస్తామంటే సంతోషించాం. తీరా చూస్తే ఆఫీసు గదిలో, ఫీజులు కట్టించుకునే గుమాస్తా పక్కనే ట్యాబ్ ముందు కూర్చోబెట్టారు. అవతలున్నావిడ ఎవరో, ఏం చదివిందో చెప్పలేదు. పిల్ల ‘దిగులుగా ఉంది మేడమ్’ అంటే ఇంగ్లీషులో ఏదో టైపు చేసుకుంది. మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

మర్నాడు స్టడీ అవర్‌లో వార్డెన్ అందరి ముందూ, ‘ఏమ్మా, ఫిజిక్సు రాక ఏడుస్తున్నావట?’ అంది.

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. దానికి ఫిజిక్సు బాగానే వచ్చు. ‘ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పను అమ్మమ్మా’ అన్నది చూడండి, నాకు ఆ మాట దగ్గరే భయం పట్టుకుంది.

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ వద్దని నేననను. మా వైపు చాలా ఊళ్లలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే విశాఖ బస్సెక్కాలి. ఎవరైనా చూస్తే పిచ్చి అంటారని ఇంకో జంకు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, అంటే 14416కి, ఏ వేళప్పుడు చేసినా పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే పై స్థాయిలో సైకియాట్రిస్టుకి అప్పజెబుతారు. అటువంటిది మంచిదే.

నా గొడవల్లా ఒకటే. మొదటి మాటకి ముందే పిల్లకి కొన్ని సంగతులు చెప్పాలి. నేను ఫలానా, నా చదువు ఇది, నువ్వు చెప్పింది ప్రిన్సిపాల్‌కి గానీ వార్డెన్‌కి గానీ చేరదు, నీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్పక తప్పదు, లైను తెగితే నేనే మళ్లీ చేస్తాను అని. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో గోప్యత రోగి హక్కు అని రాసే ఉంది. కాకపోతే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్టరులో పేరుండాలి గానీ, కౌన్సెలర్ అని బోర్డు కట్టుకోవడానికి అంత గట్టి కట్టడి ఇంకా లేదు. అందుకే ‘మీరేం చదివారు’ అని అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు. ట్యూషన్ మాస్టార్ని అడగమా?

సూపర్‌విజన్ అనగానే మా లెక్చరర్లకి పరీక్ష హాల్లో కాపలా గుర్తొస్తుంది. కౌన్సెలింగ్‌లో దాని అర్థం వేరు. కౌన్సెలరు తను వింటున్న కేసుల్ని, పేర్లు బయటపెట్టకుండా, తనకన్నా అనుభవజ్ఞుల ముందు పెట్టి సరిచూసుకోవడం. బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ తన అక్రెడిటేషన్ పొందిన సభ్యులు నెలకి కనీసం గంటన్నర ఇలా కూర్చోవాలని నియమం పెట్టింది. మన కాలేజీలకి కౌన్సెలర్లను సరఫరా చేసే సంస్థల్ని ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి: మీ కౌన్సెలర్ల పని ఎవరు చూస్తారు? ఆ చూసేది కాలేజీ యాజమాన్యమే అయితే, మా వార్డెన్ కథే ప్రతి చోటా.

పిల్లల మంచిచెడ్డలు చూడమని కాలేజీ పెట్టే మెంటార్ల సంగతీ అంతే. వారం పరీక్షలో మార్కులు తగ్గితే నిలబెట్టి తిట్టే లెక్కల మాస్టారే మా పిల్లకి మెంటార్. ఆయన్ని తప్పుపట్టను, పాపం ఆయనకీ పైనుంచి ర్యాంకుల ఒత్తిడే. కానీ ఆ మనిషి ముందు ఏ పిల్ల నోరు విప్పుతుంది?

2023లో విశాఖలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. చిన్న చిన్న బృందాలకి విడిగా మెంటార్లు ఉండాలంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టొద్దంది. టెలి మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలంది. మన రాష్ట్రం కేసులో వచ్చిన తీర్పు కదా, మన ఇంటర్ బోర్డు అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ల్యాబులూ రిజిస్టర్లతో పాటు ఇవీ చూడాలని నా మనవి. కౌన్సెలర్ ఎవరు, పిల్ల ఒంటరిగా కూర్చుని మాట్లాడే గది ఏది అని అడగాలి.

మొన్న ఆదివారం పిల్లను చూడటానికి వెళ్లి, పనిగట్టుకుని వెతికాను. గేటు దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీ ఉంది. మెస్ గోడ మీద ఏ రోజు ఇడ్లీ, ఏ రోజు ఉప్మా అన్న పట్టిక ఉంది. 14416 ఎక్కడా కనపడలేదు.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, అనకాపల్లి