డిక్రీ ఇచ్చేది కోర్టు, అమీనాను పంపాల్సింది ఎవరు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. సివిల్ కేసుల ఆలస్యం మాట వస్తే చాలు, జడ్జీలు చాలరనీ ప్లీడర్లు వాయిదాలు అడుగుతారనీ చెప్పుకుని ఊరుకుంటాం. రెండూ నిజమే, ప్లీడర్ని గనక రెండోది అసలే కాదనలేను. కానీ ఈ ఉత్తరం తీర్పు వచ్చాక జరిగే తతంగం గురించి.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో (మా కక్షిదారులకు అది ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే) గానీ, విలువను బట్టి పై కోర్టుల్లో గానీ దావా పడుతుంది. సమన్లు, జవాబు దావా, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్ష్యం, వాదనలు అయ్యాక డిక్రీ, అంటే ఎవరికి ఏం దక్కాలో చెప్పే కోర్టు ఉత్తర్వు. దాని మీద అప్పీలు, ముఖ్యమైన న్యాయాంశం ఉంటే హైకోర్టులో రెండో అప్పీలు. ఇన్ని గెలిచినవాడు మళ్లీ కింది కోర్టుకొచ్చి ఈపీ (డిక్రీని అమలు చేయించమనే పిటిషను) వేసుకోవాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అధ్యాయాల్లాంటి ఆర్డర్లు అన్నిటికన్నా పొడుగైన ఆర్డరు 21 అంతా ఈ అమలు గురించే, 106 రూళ్లు. మన దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. ఈపీని ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2025 మార్చిలో మళ్లీ చెప్పింది. ఆ ఏడాదే హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పిస్తే దేశం మొత్తం మీద తేలని ఈపీలు 8.8 లక్షల పైమాటే.

పొలం స్వాధీనం చేయమన్న డిక్రీనే తీసుకోండి. అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) డెలివరీ వారెంటు, అంటే పొలం అప్పగించమనే ఆజ్ఞ, పుచ్చుకుని వెళ్తాడు. హద్దులు చూపడానికి సర్వేయర్ ఉండాలి, ఆయనకు ఆ రోజు రీసర్వే డ్యూటీ. మరో తేదీన సర్వేయర్ వస్తాడు, గొలుసు దించేలోగా ప్రతివాది మనుషులు గట్టు మీద అడ్డం నిలబడతారు. ‘ఆటంకపరిచారు, పోలీసు సాయం అవసరం’ అని రాసి అమీనా వారెంటు రిటర్ను చేస్తాడు. పోలీసు సాయానికి ఇంకో పిటిషను, దానికి కౌంటరు, ఆపైన ఆర్డరు. ఆ కాగితం పట్టుకుని స్టేషనుకు వెళ్తే వినాయక నిమజ్జనం బందోబస్తు అంటారు. ఈలోగా ఓ బావమరిది ఊడిపడి భూమి తనదంటాడు. ఆ క్లెయిమును దావా లాగే విచారించాలి, దాని మీదా అప్పీలుంది.

ఇందులో జడ్జిగారి చేతిలో ఉన్నదెంత? అమీనా, ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందజేసే ఉద్యోగి) పోస్టులు మంజూరు చేసేది ప్రభుత్వం. సర్వేయర్ రెవెన్యూ మనిషి, కానిస్టేబులు హోంశాఖ మనిషి. బావమరిది సంగతి కోర్టు చూసుకుంటుంది, అమీనా పోస్టు మంజూరు మీ ప్రభుత్వానిదే, మిగతా ఇద్దరూ మీ మంత్రివర్గం కిందివాళ్లే.

ఇక ప్రభుత్వమే బాకీదారైన ఈపీలు. కాలవకో రోడ్డుకో భూమి పోయిన రైతుకు కోర్టు పరిహారం పెంచుతుంది. ప్రభుత్వం మీద డిక్రీ అయితే మూడు నెలలు ఆగాలని కోడ్ 82వ సెక్షన్ చెబుతోంది, ఆగుతాడు. ఆ తర్వాత ఈపీ. చివరికి ఆర్డీఓ ఆఫీసు జీపూ, కుర్చీలూ జప్తుకొస్తాయి, పేపర్లో ఫొటో పడుతుంది, వాయిదా నాటికి ప్రభుత్వ ప్లీడరు లేచి టైము అడుగుతాడు. ఈ టైము ఉచితం కాదండీ. పాత సేకరణలకు వర్తించే 1894 భూసేకరణ చట్టం (2014 నుంచి దీని స్థానంలో కొత్త చట్టం వచ్చింది) ప్రకారం పెరిగిన పరిహారం మీద స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ. పది లక్షల బాకీకి ఏటా లక్షన్నర. ఫైలు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు కదలనందుకు ఖజానా కడుతున్న జరిమానా ఇది. అంత వడ్డీ వస్తోంది కదా అని రైతు సంతోషిస్తాడనుకోకండి, ఆయన బయట తెచ్చిన అప్పుకు అంతకంటే ఎక్కువే కడుతుంటాడు.

కొత్త కోర్టు భవనాలు కట్టించండి, వద్దనను. ముందు ఖాళీగా ఉన్న అమీనా పోస్టులు హైకోర్టుతో మాట్లాడి నింపించండి. డెలివరీ తేదీ వేసిన రోజున సర్వేయర్‌కూ స్టేషనుకూ కోర్టు నుంచి ఒకే సమాచారం వెళ్లేలా, రాలేకపోతే కారణం రాతపూర్వకంగా కోర్టుకు చెప్పేలా రెవెన్యూ, హోం శాఖలతో కలిసి ఉత్తర్వు తెండి. ప్రభుత్వమే డబ్బు కట్టాల్సిన ఈపీలు జిల్లాకు ఎన్ని, అసలెంత, నేటికి వడ్డీ ఎంత అన్న జాబితాను వచ్చే బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెట్టండి. అప్పీలు గడువు దాటి, స్టే కూడా లేని డిక్రీల సొమ్మును మాత్రం అప్పటిదాకా ఆగకుండా కోర్టులో జమ చేయించండి.

ఇట్లు,
జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది